జనం మధ్యలో మన కాళ్లు మన మాట ఎందుకు వినవు?

ఈరోజు ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది ఫిజిక్స్. ఆగండాగండి, స్కిప్ చేయకండి. ఫార్ములాలు ఏమీ లేవు. ఒక మిడత, ఒక బాక్టీరియా, ఒక ఇత్తడి పుల్ల, చివర్లో మనిషి. వీటన్నిటి కథలో ఒక ముక్క ఒకటే. ఆ ముక్క తెలిస్తే ఏదో ఒక రోజు మీ ప్రాణానికి పనికొస్తుంది. అందుకే చివరిదాకా ఉండమంటున్నాను.

ముందు ఒక ప్రశ్న. జాతరలోనో, కొత్త సినిమా మొదటి రోజు థియేటర్ గేటు దగ్గరో, రైల్వే స్టేషన్ ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీదో ఎప్పుడైనా ఇరుక్కున్నారా? ఇరుక్కున్నవాళ్లు చాలామంది చెప్పే మాట ఒకటుంది. "నేను నడవలేదు అన్నా, నన్ను మోసుకెళ్లిపోయారు" అని. సరే, ఎవరు మోసుకెళ్లారు? వెనకున్నవాణ్ణి అడిగితే వాడూ అదే మాట అంటాడు. వాడి వెనకున్నవాడూ అదే అంటాడు. అందర్నీ ఎవరో తోశారు, తోసినవాడు మాత్రం ఎక్కడా దొరకడు. మరి తోసింది ఎవరు?

దీనికి జవాబు వెతికే ఫిజిక్స్ విభాగం ఒకటుంది. దాన్ని యాక్టివ్ మ్యాటర్ అంటారు. అంటే తనంతట తాను కదిలే వస్తువుల గురించిన చదువు.

గోలీ తీసుకోండి. దాన్ని మనం కొడితేనే కదులుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. చీమని తీసుకోండి. ఎవరూ కొట్టక్కర్లేదు. తిన్న తిండిలోని శక్తిని తానే నడకగా మార్చుకుంటుంది. చేప, పక్షి, బాక్టీరియా, మనిషి అందరూ ఈ రెండో రకమే. ఫిజిక్స్ వాళ్లు వీటన్నిటికీ కలిపి పెట్టుకున్న పేరు "స్వయంగా కదిలే కణాలు". మనిషిని కణం అంటారా అని కోపం తెచ్చుకోకండి. ఎప్పుడు అనొచ్చో, ఎప్పుడు అనకూడదో కూడా ఇవాళే చూద్దాం.

1995లో హంగరీకి చెందిన తమాష్ విచెక్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు కలిసి కంప్యూటర్‌లో ఒక చిన్న ఆట తయారు చేశారు. అందులో బోలెడు చుక్కలు. ప్రతి చుక్కా ఒకే వేగంతో వెళ్తుంది. ప్రతి చుక్కకీ ఒక్కటే రూలు: నీ చుట్టుపక్కల ఉన్నవాళ్లు సగటున ఎటు పోతున్నారో చూసి నువ్వూ అటే తిరుగు. కాకపోతే ప్రతిసారీ కొంచెం తప్పు తిరుగుతుంది, మనుషుల్లాగే. అంతే. నాయకుడు లేడు, గమ్యం లేదు.

చుక్కలు పలచగా ఉన్నప్పుడు ఎవడి దారి వాడిదే. చుక్కల సంఖ్య పెంచుతూ పోయారు. ఒక హద్దు దాటాక మొత్తం గుంపు ఒక దిక్కు ఎంచుకుని ఒకే వైపు సాగిపోయింది. ఆ దిక్కు ఏ చుక్కా నిర్ణయించింది కాదు. నీళ్లు మెల్లమెల్లగా వేడెక్కి, ఒక దగ్గరికి రాగానే మరగడం మొదలుపెడతాయి చూడండి, అలా. ఈ "హద్దు" అనే మాట గుర్తుపెట్టుకోండి. ఇవాళ్టి ఎపిసోడ్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇది కంప్యూటర్ ఆట కదా, నిజం ప్రాణులు అలా చేస్తాయా అంటారా? చేస్తాయి. 2006లో ఒక బృందం మిడతల మీద చేసిన ప్రయోగం ఉంది. పంటల్ని ఊడ్చేసే ఎడారి మిడతలు, ఇంకా రెక్కలు రానివి. వాటిని 80 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి పళ్లెం లాంటి దాంట్లో వదిలారు. మధ్యలో ఒక గుమ్మటం పెట్టారు. అంటే మిడతలు తిరగాల్సింది ఆ గుమ్మటం చుట్టూనే, గానుగెద్దులా. 5 మిడతల నుంచి 120 దాకా మార్చి మార్చి ఎనిమిదేసి గంటలు గమనించారు.

ఏడు లోపు ఉన్నప్పుడు ఎవరి గోల వాళ్లది. 10 నుంచి 25 దాకా ఉన్నప్పుడు అన్నీ కలిసి ఒక వైపు నడుస్తాయి, ఉన్నట్టుండి అన్నీ కలిసి వెనక్కి తిరుగుతాయి. 30 దాటాక ఇక తిరగడం లేదు. ఒక వైపు మొదలుపెడితే గంటల తరబడి అటే. ఏ మిడతకా మిడత అదే మిడత. పళ్లెం కూడా అదే పళ్లెం. మారింది ఆ పళ్లెంలో ఎన్ని ఉన్నాయన్నదే.

ఇప్పుడు గోడల దగ్గరికి వద్దాం. ఇక్కడే అసలు విషయం ఉంది.

బాసిలస్ సబ్‌టిలిస్ అని మట్టిలో ఉండే బాక్టీరియా ఉంది. నీళ్లలో ఈదుతుంది. చిక్కగా నింపితే నీళ్లంతా చిన్న చిన్న సుడులు పుడతాయి, చెదిరిపోతాయి, మళ్లీ పుడతాయి. వంటింట్లో మరుగుతున్న పప్పుని పైనుంచి చూసినట్టు ఉంటుంది. 2013లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఇదే బాక్టీరియాని నూనెలో ఉన్న బుల్లి నీటి చుక్కల్లో పెట్టారు. చుక్క వెడల్పు 30 నుంచి 70 మైక్రోమీటర్లు, అంటే సుమారుగా మన తల వెంట్రుక మందం. అంత చిన్న గదిలో పెట్టేసరికి గందరగోళం పోయింది. చుక్క మొత్తం ఒకే ఒక్క సుడిగా మారి నిలకడగా తిరగడం మొదలుపెట్టింది. అంచు దగ్గర మాత్రం పల్చటి పొర ఒకటి దానికి ఎదురు దిక్కులో తిరుగుతోంది. చుక్క సైజు ఇంకా పెద్దదైతే మళ్లీ పాత గందరగోళమే.

తర్వాత 2016లో ఆ బృందమే ఇలాంటి చిన్న గదుల్ని పక్కపక్కన పెట్టి మధ్యలో సందులు తెరిచింది. సందు ఇరుకుగా ఉంటే పక్క గదుల సుడులు ఒకదానికొకటి ఎదురు తిరిగాయి. సందు వెడల్పు చేస్తే అన్నీ ఒకే వైపు తిరిగాయి. చూశారా, బాక్టీరియాకి ఎవరూ ఏమీ చెప్పలేదు. గోడనీ సందునీ మార్చారు, గుంపు ప్రవర్తన మారిపోయింది.

అలాగే ఇంకో సంగతి. తనంతట తాను కదిలేది ఏదైనా గోడకి తగిలితే వెంటనే తిరిగిరాదు. ముందుకే తోసుకుంటూ గోడ దగ్గరే చాలాసేపు ఉండిపోతుంది. అందుకే ఇలాంటివి గోడ దగ్గర పోగుపడతాయి. గోడకి ఏ ఆకర్షణా అక్కర్లేదు. ఈ బెడద ఎంతంటే, ఫ్రాన్స్‌లో కంపించే పళ్లెం మీద చిన్న చిన్న బిళ్లలతో ప్రయోగం చేసినవాళ్లు 2010లో అంచుని పువ్వు రేకుల ఆకారంలో కట్టుకున్నారు. ఒంపు వెంట వెళ్లిన బిళ్ల మళ్లీ మధ్యలోకే వచ్చేలా. గుండ్రటి అంచైతే బిళ్లలన్నీ గోడకే అంటుకుని కూర్చుంటాయి మరి.

మన దేశంలో జరిగిన ప్రయోగం చెప్పకపోతే ఎలా? ఈ రంగంలో ప్రపంచమంతా తెలిసిన పేరు శ్రీరామ్ రామస్వామి. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్. మన హైదరాబాద్‌లో ఉన్న టాటా ఇన్‌స్టిట్యూట్ కేంద్రానికి కొన్నేళ్లు డైరెక్టర్‌గా కూడా పనిచేశారు. ఆయన, అజయ్ సూద్, వాళ్ల విద్యార్థులు 2014లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక చివర సన్నగా ఉండే నాలుగున్నర మిల్లీమీటర్ల ఇత్తడి పుల్లలు. వాటిని కంపించే పళ్లెం మీద పెడితే తమ మానాన తాము ముందుకు పోతాయి. చుట్టూ గుండ్రటి అల్యూమినియం పూసలు. పూసలకి సొంతంగా ఎటూ పోయే గుణం లేదు.

పూసలు తక్కువగా ఉంటే పుల్లలు ఎటు పడితే అటు. పూసల్ని ఒక హద్దు దాటేంత నింపాక, దూరదూరంగా ఉన్న పుల్లలు కూడా అన్నీ ఒకే వైపు నడవడం మొదలుపెట్టాయి! ఎలా? ఒక పుల్ల కదులుతూ పూసల్ని లాగుతుంది. ఆ పూసల ప్రవాహం ఇంకో పుల్లని తిప్పుతుంది, గాలికి కోడిబొమ్మ తిరిగినట్టు. అంటే ఎక్కడో ఉన్న ఒకడి తోపు మధ్యలో ఉన్న అమాయకుల మీదుగా ప్రయాణం చేసి ఇంకెక్కడో ఉన్నవాడికి చేరింది. "నేను తొయ్యలేదన్నా" అనే మాట ఇప్పుడు కాస్త అర్థమవుతోందా?

సరే, ఇక మనిషి.

స్పెయిన్‌లో పాంప్లోనా అనే ఊరు. ఏటా జూలై 6న మధ్యాహ్నం 12 గంటలకి అక్కడి సాన్ ఫెర్మిన్ పండగ మొదలవుతుంది. టౌన్‌హాల్ బాల్కనీ నుంచి ఒక రాకెట్ పేలుస్తారు. అది చూడ్డానికి దాని ముందున్న చౌకులోకి వేలమంది వస్తారు. ఆ చౌకు చుట్టూ భవనాలే. పెద్ద స్థలం ఏమీ కాదు. ఫ్రాన్స్‌కి చెందిన డెనిస్ బార్తోలో బృందం 2019లో ఎత్తైన చోట్ల కెమెరాలు పెట్టి జనాన్ని పైనుంచి రికార్డ్ చేసింది. కోవిడ్ వల్ల రెండేళ్లు పండగ లేదు. 2022 నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఫలితాలు 2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చాయి.

వాళ్లు ఏం చూశారంటే, పైనుంచి చూస్తే జనం అడ్డదిడ్డంగా ఊగుతున్నట్టు కనిపిస్తుంది. కానీ వీడియోని కొలిచి చూస్తే వందలమంది కలిసి ఒకే ముద్దలా మెల్లగా గుండ్రంగా తిరుగుతున్నారు. ఒక్కో చుట్టుకి సుమారు 18 సెకన్లు. కొన్ని ముద్దలు కుడివైపు, కొన్ని ఎడమవైపు. వాళ్లలో ఎవరికీ తాము తిరుగుతున్నామని తెలీదు. ఎవరూ తిప్పడం లేదు. ఇది ఎప్పుడు మొదలవుతుంది? చదరపు మీటరుకి సుమారు నలుగురు దాటాక. చూశారా, మళ్లీ హద్దు!

చిన్న లెక్క వేద్దాం. మనిషికి 60 కిలోలు అనుకుందాం. 300 మంది ఒకే ముద్దలా కదిలితే 18,000 కిలోలు. 18 టన్నులు. లోడుతో ఉన్న లారీ బరువు. ఆ లారీకి డ్రైవర్ లేడు. అది మెల్లగా ఊగుతూ మీ వైపు వస్తోంది, మీ వెనక గోడ ఉంది. ఇప్పుడు చెప్పండి, మీ రెండు చేతులు ఏం ఆపగలవు?

పాంప్లోనాలో జనం క్షేమంగా ఇంటికెళ్లారు. జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో అలా జరగలేదు. 2010 జూలై 24, లవ్ పరేడ్ అనే మ్యూజిక్ పండగ. లోపలికి వెళ్లేవాళ్లకీ బయటికి వచ్చేవాళ్లకీ ఒకటే ర్యాంపు, దానికి దారి సొరంగాల గుండా. అక్కడ 21 మంది చనిపోయారు. బార్తోలో బృందం ఆ రోజు వీడియోలు కూడా కొలిచింది. ప్రమాదం మొదలయ్యే సమయానికి అక్కడి జనంలోనూ అదే రకం గుండ్రటి ఊగు కనిపించింది.

దీంట్లో మనకి పనికొచ్చే మాట ఏంటంటే, ఆ ఊగుని కెమెరాతో ముందే పట్టుకోవచ్చు. జనం అరవకముందే, పడకముందే తెరమీద కనిపిస్తుంది. అది కనిపించిన నిమిషంలో లోపలికి వచ్చే దారి ఆపాలి. సీసీ కెమెరాలు మనకీ కొదవలేదు. వాటిని దొంగల కోసమే కాక దీనికోసం కూడా చూడాలి.

ఇప్పుడు ఒక అపోహ గురించి చెప్పాలి. ప్రమాదం జరగగానే టీవీల్లో వచ్చే మాట "తొక్కిసలాట". జనం ఎగబడ్డారు, క్రమశిక్షణ లేదు, భయంతో పరుగెత్తారు అంటారు. నాకు ఈ మాటల మీద అభ్యంతరం ఉంది. ఇలాంటి చోట్ల ఎక్కువమంది చనిపోయేది కాళ్ల కింద పడి కాదు. ఊపిరాడక. నాలుగు వైపులా నొక్కుకుపోతే ఛాతీ విప్పుకోదు. గాలి పీల్చలేం. నిలబడి ఉన్నవాళ్లు నిలబడినట్టే స్పృహ తప్పుతారు. పరుగెత్తడానికి అక్కడ చోటెక్కడిది? 2022 అక్టోబర్ 29న దక్షిణ కొరియాలోని ఇటెవాన్‌లో 159 మంది చనిపోయింది వాలుగా ఉన్న ఒక ఇరుకు సందులో. చాలామంది మన వయసు వాళ్లే.

జాన్ ఫ్రూయిన్ అనే అమెరికన్ ఇంజనీర్ 1993లోనే రాశాడు. చదరపు మీటరుకి ఏడుగురు దగ్గరికి వస్తే జనం నీళ్లలా ప్రవర్తిస్తారు, అలలు పుడతాయి, మనుషులు చెప్పుల్లోంచి పైకి లేచిపోతారు అని. ఇంగ్లండ్‌లో జాన్ డ్రూరీ లాంటి సైకాలజిస్టులు ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్లతో మాట్లాడి చూస్తే, ఆ ఇరుకులో కూడా జనం ఒకరికొకరు సాయం చేసుకున్న సంఘటనలే చాలా వచ్చాయి. తప్పు జనం గుణంలో ఉందని అనేస్తే మనం ఇంక ఏమీ సరిచేయక్కర్లేదు. తప్పు సంఖ్యలో, గోడలో, దారిలో ఉందంటే సరిచేయాల్సింది చాలా ఉంటుంది.

"మనిషిని బాక్టీరియాతో పోలుస్తావా బ్రో, మనకి బుర్ర లేదా" అని కామెంట్ పెట్టడానికి కొందరు రెడీగా ఉంటారు. మంచి ప్రశ్న. మీటరుకి ఒకరిద్దరు ఉన్నప్పుడు మనిషి మనిషే. ఆగుతాడు, దారి ఇస్తాడు, వెనక్కి తిరుగుతాడు. హద్దు దాటాక బుర్ర పనిచేస్తూనే ఉంటుంది, కానీ అది చెప్పింది చేయడానికి కాళ్లకి చోటు ఉండదు. అప్పుడు మాత్రమే మనం ఆ పూసల్లాంటివాళ్లం. కాబట్టి బుర్ర వాడాల్సింది హద్దుకి ముందే. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

మనకి ఇది దూరం సంగతి కాదు. 2015 జూలై 14, గోదావరి పుష్కరాల మొదటి రోజు. రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర 27 మంది పోయారు. నదిలో మునిగి కాదు, గట్టు మీద జనంలో. పుష్కరాలు పన్నెండేళ్లకోసారి. 2015కి పన్నెండు కలపండి. 2027. మన అమ్మమ్మలు, నాయనమ్మలు వెళ్దామంటారు. తీసుకెళ్లేది మనమే. అందుకే ఈ నాలుగు మాటలు వినండి.

ఒకటి, లెక్క చూసే అలవాటు చేసుకోండి. ఇవాళే ఇంటి ముందు సుద్దముక్కతో ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గడి గీయండి. అందులో నలుగురు నిలబడండి. తర్వాత ఆరుగురు. ఎలా ఉంటుందో ఒంటికి తెలుస్తుంది. రేపు బయట అలాంటి ఇరుకు ఒంటికి తగలగానే గుర్తొస్తుంది.

రెండు, గుర్తులు. రెండు భుజాలకీ పక్కవాళ్లు తగులుతున్నారంటే బయటపడే ఆలోచన మొదలుపెట్టాలి. చెయ్యెత్తి ముక్కు గోక్కోలేకపోతున్నారంటే ఆలస్యమవుతోంది. మీరు అడుగు వేయకుండానే ఊగుతున్నారంటే హద్దు దాటేశారు.

మూడు, అప్పటికే లోపల ఉంటే ఎదురు తొయ్యకండి. మీరు తోసింది ఎక్కడో గోడ దగ్గరున్న పసిపిల్ల ఛాతీ మీద పడుతుంది. ఫోన్ జేబులో పెట్టేసి, రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి. ఊపిరికి ఆ బెత్తెడు చోటే కావాలి. వీడియో తీద్దామని చేతులు పైకెత్తితే ఆ చోటు పోతుంది. అల వచ్చినప్పుడు కాళ్లు నిలదొక్కుకోండి, అది వెనక్కి తగ్గినప్పుడు ఐమూలగా అంచువైపు రెండడుగులు వేయండి. గోడకీ బారికేడ్‌కీ ఆనుకుని ఉండిపోవద్దు, ఖాళీ ఉన్న వైపు చూసుకోండి. చెప్పు పడిపోతే వదిలేయండి. మనిషి పడిపోతే మాత్రం వెంటనే లేపండి.

నాలుగు, మీరు వెనక ఉంటే. ముందు ఏం జరుగుతోందో వెనకున్నవాళ్లకి కనిపించదు. గేటు ఇంకా తెరవలేదనుకుని అర అడుగు ముందుకు జరుగుతారు. అలాంటి అర అడుగులు వెయ్యి కలిస్తే ముందు ఏమవుతుందో ఇందాక లెక్క వేశాం. కాబట్టి ముందు ఆగిపోతే మీరూ ఆగండి. కుదిరితే ఒక అడుగు వెనక్కి వేసి, మీ వెనకవాళ్లకి కూడా "ఒక్కడుగు వెనక్కి అన్నా" అని చెప్పండి. ముందున్నవాళ్లకి మీరు చేయగలిగిన పెద్ద సాయం అదే.

విచెక్ ఆటలో ప్రతి చుక్కా పక్కవాణ్ణి చూసి తిరుగుతుందని చెప్పుకున్నాం కదా. మీరు వెనక్కి వేసిన అడుగుని చూసి కూడా పక్కవాడు వెనక్కి వేస్తాడు. మొదట ఎవరో ఒకరు వేయాలి, అంతే.

ఈ వీడియోని మీ ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. సుద్దముక్క గడిలో మీ ఇంట్లో ఎంతమంది పట్టారో కామెంట్లలో రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త, ఉంటాను.